మంగతాయారు పెరట్లో పురుగు లేదు

చింతలంక పురపాలక సంఘానికి కమిషనరుగా వచ్చిన ఉదయభాస్కర్ గారు మొదట్లో మామూలు మనిషే. కుళాయి రావడం లేదంటే పైపు చూడమనేవారు, దోమలున్నాయంటే మందు కొట్టమనేవారు. అలాంటి మనిషిని పైవాళ్ళు ఎక్కడో కొండమీది అతిథిగృహానికి శిక్షణకని పంపించారు. పెరటి మొక్కలకు పట్టే పురుగుల్ని విషం చల్లకుండా సహజ పద్ధతుల్లో అదుపు చెయ్యడం ఎలాగన్నది అక్కడి పాఠం. మంచి పాఠమే, చెప్పినవాళ్ళూ మంచిగానే చెప్పి ఉంటారు. అయితే తోడు వేసిన పాలన్నీ పెరుగు కావు కదా, కొన్ని విరిగిపోతాయి. కమిషనరు గారు జేబు మీద ఎర్రటి అక్షింతల పురుగు బొమ్మ పిన్నుతో గుచ్చుకుని కారు దిగారు. ఆ పూట నుంచి ఆయన నోట పురుగు మాట తప్ప ఇంకో మాట రాలేదు.

వెంటనే ‘సహజ పద్ధతుల పెరటి పురుగు నివారణ పథకం’ మొదలైంది. నిజం చెప్పొద్దూ, మొదటి నెల ఊరు బాగుపడింది. మంచినీళ్ళ ట్యాంకరు వెనకాలే వేప కషాయం ట్యాంకరు వచ్చేది. ఆడవాళ్ళు రెంటికీ వేరువేరు బిందెలు పట్టుకుని నిలబడేవారు. పొరపాటున ఒకరిద్దరు ఇందులోది అందులో పట్టి తాగారు గానీ ఎవరికీ ఏమీ కాలేదు, పైగా కడుపులో నులిపురుగులు పోయాయని చెప్పుకున్నారు. పురుగులు వంగమొక్కని వదిలేసి అటు పోతాయని గట్ల మీద బంతిమొక్కలు వేయించారు. తెల్లదోమ వచ్చి అంటుకునేలా పసుపురంగు జిగురు అట్టలు ఇంటింటికీ పంచారు. పుల్లమజ్జిగ ఒకచోట, వెల్లుల్లి పచ్చిమిర్చి నూరి పిచికారీ చెయ్యడం ఒకచోట, ఏ ఇంటి ముందు నిలబడినా వంట లోపల జరుగుతోందో పెరట్లో జరుగుతోందో తెలిసేది కాదు.

రెండో నెలలో కమిషనరు గారు శిక్షణలో ఇచ్చిన పుస్తకం రెండో సగం చదివారు. పురుగుల్లో శత్రువులే కాదు, మిత్రులు కూడా ఉంటారనీ, మిత్రపురుగులు శత్రుపురుగుల్ని తిని బతుకుతాయనీ అందులో ఉంది. ఆ పేజీ దగ్గర ఆయనకి నిద్ర పట్టలేదు. మర్నాడు సమీక్షా సమావేశంలో గద్గద స్వరంతో, “మనం శత్రువుల్ని నిర్మూలిస్తున్నామని సంబరపడుతున్నాం. అక్కడ మన మిత్రులు పస్తులుంటున్నారు!” అన్నారు. అధికారులందరూ తలలు దించుకున్నారు. జిగురు అట్టలకి మిత్రుడెవరో శత్రువెవరో తెలియదు కాబట్టి పీకించేశారు. వేప కషాయం వల్ల శత్రుపురుగుల ఆకలి మందగించి, అవి చిక్కిపోయి, వాటిని తినే మిత్రులకు పోషకాహారం అందడం లేదు కాబట్టి ట్యాంకరు ఆపించేశారు. పథకం పేరులో నివారణ అన్న మాట అలాగే ఉంది. పని మాత్రం పురుగుల్ని మేపడం దాకా వచ్చింది.

ఇక మిగిలిన చిక్కు ఒక్కటే. దొంగచాటుగా విషం కొట్టేవాళ్ళని పట్టుకోవడం ఎలా? పరీక్షించడానికి ప్రయోగశాల లేదు. అప్పుడు పారిశుద్ధ్య విభాగంలో పందుల్ని పట్టించే పని చూసే సత్యానందం లేచి నిలబడ్డాడు.

“సార్, విషం ఉన్న చోట పురుగుండదు. కావున పురుగు లేని చోట విషం ఉన్నట్లే” అన్నాడు.

కమిషనరు గారు కుర్చీలోంచి లేచి వచ్చి అతని చెయ్యి పట్టుకుని ఊపారు. ఆ మాటలో ఉన్న లొసుగు ఎవరికీ కనపడలేదు, ఎందుకంటే అప్పటికే భోజనాల వేళయింది. ఆ సాయంత్రానికల్లా సత్యానందం ‘పెరటి పురుగుల పరిశీలనాధికారి’ అయ్యాడు. చేతికి ఒక భూతద్దం, ఎక్కడానికి ఒక స్కూటరు వచ్చాయి. మొక్కకి కనీసం ఐదు పురుగులు ఉండాలనీ, అవి ఆరోగ్యంగా, నిర్భయంగా సంచరిస్తూ ఉండాలనీ ప్రమాణం నిర్ణయించారు.

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు ఇదంతా వచ్చి మంగతాయారు మీద పడింది.

బస్టాండు వెనక సందులో ‘తాయారు కర్రీ పాయింట్’ అంటే తెలియనివాళ్ళు చింతలంకలో లేరు. బ్యాంకులో కొత్తగా చేరిన కుర్రాళ్ళు, కాలేజీ లెక్చరర్లు, అత్తాకోడళ్ళకి పడని ఇళ్ళవాళ్ళు, అందరికీ మధ్యాహ్నం కూర అక్కడే. ఆవిడ పేరు నిలబెట్టింది గుత్తివంకాయ. కాయలు బజారువి కావు, ఇంటి వెనక పెరట్లో ఆవిడ పెంచుకున్న నల్లగుత్తి రకం. మొగుడి మోకాళ్ళ నొప్పి మందులూ, ఇద్దరు పిల్లల చదువులూ, ఇంటి అద్దె అన్నీ ఆ మూకుడులోంచే వచ్చేవి. అంతకంటే ఆవిడకి ఇంకో పట్టింపు ఉంది. ఇన్నేళ్ళలో తాయారు కూరలో పురుగొచ్చిందని ఒక్కడూ అనలేదు. అదే ఆవిడకి బంగారు గొలుసు.

ఆ పెరట్లో పురుగెందుకు ఉండదో మాత్రం ఆవిడకీ తెలియదు. వంటింటి కిటికీ, దాని పక్కన తిరిగే ఫ్యానూ సరిగ్గా వంగతోట మీదికి తెరుచుకుంటాయి. తెల్లారేసరికి ఆవిడ పెద్ద బాండీలో నూనె కాచి, గుప్పెళ్ళతో ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, ఆవాలు వేసి పోపు పెట్టిందంటే ఆ ఘాటు ఫ్యానులోంచి మబ్బులా దిగి మొక్కల మధ్య కూర్చునేది. సందులో మనుషులు దగ్గుతూ తలుపులు వేసుకునేవారు. పాలవాడు మలుపు దగ్గర నుంచే ప్యాకెట్లు విసిరేవాడు. మనుషులే ఆగలేని చోట తెల్లదోమ ఏం ఆగుతుంది? కానీ మంగతాయారు అదంతా తన చేతి చలవ అనుకునేది.

పక్క పెరడు బుల్లెబ్బాయిది. మొక్కలకి నీళ్ళు పోస్తే అవి సోమరిపోతులు అవుతాయని నమ్మేవాడు. అతని బెండమొక్కలకి పేనుబంక, మందారానికి పిండినల్లి, మిరపకి ఆకుముడత, అడ్డూ ఆపూ లేకుండా పట్టి ఉండేవి. ఒకప్పుడు ఆ గోడ పక్కగా నడవడానికి జనం అసహ్యించుకునేవారు. పథకం వచ్చాక అతనికి శాలువా కప్పి, గుమ్మానికి ‘అత్యుత్తమ సహజ పెరడు’ అని బోర్డు కొట్టారు.

సత్యానందం మంగతాయారు ఇంటి ముందు స్కూటరు ఆపి, చెప్పులు విడిచి పెరట్లోకి అడుగుపెట్టాడు. పురుగుల నివాసప్రాంతంలోకి పాదరక్షలతో పోరాదని సర్క్యులరు ఉంది.

“అమ్మా, మీ పెరటియందలి పురుగులను ఒకసారి చూపించండి.”

“పురుగులా? మా పెరట్లో ఎందుకుంటాయండీ బాబూ! ఒక్కటుంటే ఒట్టు” అంది మంగతాయారు గర్వంగా. తన గొయ్యి తనే తవ్వుకుంటోందని పాపం ఆవిడకి తెలియదు.

సత్యానందం ఆకుల పైన చూశాడు, కింద చూశాడు. బోర్లా పడుకుని కాండాల మొదళ్ళలో చూశాడు. కాయ ముచ్చికల దగ్గర భూతద్దం పెట్టి, లోపలున్నవాళ్ళు బయటికి వస్తారేమోనని కాసేపు ఎదురుచూశాడు. లేచేసరికి అతని మొహం గంభీరంగా మారింది.

“ఏ మందు కొడుతున్నారు?”

“మందా! నా కూరలో పడే కాయకి నేనే విషం కొట్టుకుంటానండీ? అదేం మాటండి, కళ్ళు పోతాయి!”

“కొట్టకపోతే పురుగులెందుకు లేవు?”

“ఆ సంగతి వాటినే అడగండి.”

“అడగడానికి ఒక్కటీ లేదు కదమ్మా” అన్నాడు సత్యానందం బాధగా.

గోడ అవతల నుంచి బుల్లెబ్బాయి తల పైకి వచ్చింది. ఎండాకాలమైనా శాలువా కప్పుకునే ఉన్నాడు. “ఓపికుండాలి తాయారక్కా! పురుగులు ఊరికే వచ్చేత్తాయేంటి? మనం ఏవీ చెయ్యకుండా కూకుంటే అయ్యే వత్తాయి. ఎంత కట్టపడితే ఇంత తోటయింది నాది!” అన్నాడు.

మర్నాడు నోటీసు వచ్చింది. ‘సదరు పెరటియందు పురుగు గానీ, పురుగు యొక్క సంతానము గానీ, పురుగు సంచరించిన ఆనవాలు గానీ కనబడనందున, తమరు విషప్రయోగము గావించినట్లు ప్రాథమికముగా నిర్ధారించడమైనది. సోమవారము నాటికి తగినన్ని పురుగులను చూపనిచో, సదరు కాయలతో కూరలు వండు అంగడిని మూసివేయుట జరుగును.’

మంగతాయారు నోటీసు రెండుసార్లు చదువుకుంది. దొంగతనం చేశావంటే చెయ్యలేదని చెప్పొచ్చు. పురుగుల్లేవంటే ఏం చెబుతాం? చీర కొంగు బొడ్లో దోపుకుని కమిషనరు ఆఫీసుకి వెళ్ళింది.

కమిషనరు గారి బల్ల మీద కుండీలో గులాబీ మొక్క ఉంది. దాని ఆకులన్నీ జల్లెడలైపోయాయి. ఆయన ఫైలు మీద పాకుతున్న గొంగళిపురుగుని చూసి, సంతకం పెట్టాల్సిన చోటు దాటి వెళ్ళేదాకా కలం పట్టుకుని ఓపిగ్గా ఆగి ఉన్నారు.

“మంగతాయారు గారూ, మీ మీద మాకు వ్యక్తిగత ద్వేషం ఏదీ లేదు. మీ మొక్కలు ఆరోగ్యంగా ఉన్నాయన్నదే పరిపాలనాపరంగా మా ఆవేదన” అన్నారు.

“మొక్క బాగుంటే సంతోషించాలి గానీ ఆవేదనేంటండీ?”

“మొక్క ఒక్కటే బాగుంటే అది స్వార్థమమ్మా. మొక్క మీద పురుగు ఆధారపడి ఉంది. పురుగు మీద మిత్రపురుగు ఆధారపడి ఉంది. మీ పెరట్లో పురుగు లేదు కాబట్టి మిత్రపురుగుకి పని లేదు. దానికి పని లేకపోతే దాన్ని పరిశీలించే సత్యానందానికి పని లేదు. సత్యానందానికి పని లేకపోతే అతన్ని పర్యవేక్షించే...” ఆయన ఆగిపోయి, తను కూర్చున్న కుర్చీ చేతుల్ని ఒకసారి నిమురుకున్నారు. “అంత దూరం పోవద్దు. మీరు పాటించే సహజ పద్ధతి ఏమిటో చెప్పండి. వేప కషాయమా?”

“అది తవరే మాన్పించేశారు కదండీ.”

“జిగురు అట్టలా?”

“అయ్యీ తవరే పీకించేశారండి.”

“మరి?”

“ఏవీ చెయ్యనండి. పొద్దున్నే లేత్తాను, వంట చేసుకుంటాను. అంతేనండి.”

కమిషనరు గారు నిట్టూర్చారు. “ఏమీ చెయ్యకుండానే పురుగు రాకపోవడమన్నది నిబంధనల్లో లేదమ్మా. సోమవారం లోపల ఎలాగోలా తెప్పించుకోండి.”

ఎలాగోలా అంటే ఎలా? ఆకలేస్తే అన్నం అరువడగొచ్చు, పెళ్ళికెళ్ళాలంటే నగ అరువడగొచ్చు. మంగతాయారు ఆ సాయంత్రం బుల్లెబ్బాయి గుమ్మంలో నిలబడి పురుగుల్ని అరువడిగింది. మనిషి సిగ్గుతో చచ్చిపోయింది.

బుల్లెబ్బాయి పొంగిపోయాడు. “నీకు కాకపోతే ఎవరికిత్తానక్కా! రోజూ ఓ గుత్తివంకాయ పొట్లం పంపించు చాలు. కానీ జాగ్రత్త, నా పిల్లల్లా పెంచుకున్నాను” అన్నాడు. పళ్ళెంలో బెండాకులు పరిచి, వాటి మీద రకరకాల పురుగుల్ని ఏరి పెట్టాడు. ఆవిడ ఇంటికి తిరిగొచ్చాక పళ్ళెం గోడ మీదుగా అందించాడు. మంగతాయారు వాటిని మొక్కమొక్కకీ పంచి, “కాస్త రెండ్రోజులుండండమ్మా, మీకు పుణ్యవుంటాది” అని దణ్ణం పెట్టి మరీ వచ్చింది.

సోమవారం తెల్లారింది. అలవాటు ప్రకారం ఆవిడ పోపు పెట్టింది. ఘాటు తోటలోకి దిగింది. దిగీ దిగగానే ఎగరగలిగినవి ఎగిరాయి, పాకగలిగినవి పాకాయి, అన్నీ గోడెక్కి బుల్లెబ్బాయి ఇంటికి వెళ్ళిపోయాయి. వంటింట్లో ఉన్న మంగతాయారుకి ఇదేమీ తెలియదు. సత్యానందం వచ్చేసరికి తోట మొత్తానికి ఒకే ఒక్క పురుగు మిగిలింది. అది కూడా ముసలిది కావడంతో పరిగెత్తలేక ఒక ఆకు కింద తుమ్ముతున్నట్టు ఒంటిని ముడుచుకుంటూ, చాపుకుంటూ ఉంది.

సత్యానందం మొహం ముందు వెలిగింది. తర్వాత భూతద్దంలోంచి నింపాదిగా చూసి, కనుబొమలు ముడిచాడు.

“ఇది బెండమీది పురుగు. వంగమొక్క మీద దీనికేం పని?”

“చుట్టపుచూపుగా వచ్చిందండి” అంది మంగతాయారు.

“అంటే స్థానికేతర పురుగు. దీనికి ఈ పెరటి స్థానికత లేదు. ఇక్కడే పుట్టి, కనీసం గుడ్డు దశ నుంచి ఇక్కడే పెరిగినట్లు రుజువులు ఉంటే తప్ప లెక్కలోకి రాదు. పైగా అనుమతి లేకుండా పురుగును బదిలీ చేశారు. ఇది రెండో నేరం.”

ఆ మధ్యాహ్నమే కర్రీ పాయింటుకి తాళం వేసి, గుడ్డ చుట్టి, లక్క పోసి ముద్ర కొట్టారు. కొట్టు ఇంటి ముందుగదే. వంటిల్లు ఆ గదికి ఆనుకుని ఉండడంతో అదీ అందులోనే పోయింది. బ్యాంకు కుర్రాళ్ళు ఖాళీ క్యారేజీలతో వచ్చి, సీలుని శవాన్ని చూసినట్టు చూసి వెళ్ళిపోయారు. మంగతాయారు వీధి అరుగు మీద కిరసనాయిలు స్టవ్వు పెట్టి, ఇంట్లోవాళ్ళకి మటుకు ఇంత జావ కాచి పోసేది.

పొయ్యి చల్లారాక పెరట్లో మార్పు మొదలైంది. ముందు తెల్లదోమ వచ్చింది, ఊరు విడిచి పోయిన చుట్టాలు ఇల్లు చూడ్డానికి వచ్చినట్టు. తర్వాత పేనుబంక వచ్చింది, దాని వెనకే చీమలు వచ్చాయి. కొమ్మ తొలిచే పురుగు కొమ్మల్లోకి, కాయ తొలిచే పురుగు కాయల్లోకి దూరాయి. నిగనిగలాడే వంకాయలు పొక్కిపోయి, కన్నాలు పడి, ముచ్చికల దగ్గర పొట్టు రాలుతూ వేలాడాయి. మంగతాయారు మెట్టు మీద కూర్చుని ఒక కాయ కోసి చూసింది. లోపల పురుగు హాయిగా కాళ్ళు చాపుకుని ఉంది. ఆవిడకి ఏడుపు ఆగలేదు. ఏడుస్తూ ఏడుస్తూ కిటికీ వంక చూసింది, తిరగని ఫ్యాను వంక చూసింది. అప్పుడు తట్టింది ఆవిడకి.

“ఓరి నా పోపో!” అని నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

ఆ మాట చెబుదామని చూస్తుండగానే సత్యానందం వచ్చాడు. తోటలోకి అడుగుపెట్టి, భూతద్దం అక్కర్లేకుండానే అంతా చూసి, అతను గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

“అమ్మా! మీరు సాధించారు!”

“అది కాదండి, నా మాట ఇనండి. ఇన్నాళ్ళూ పురుగు రాకపోడానికి నా పోపు కారణవండి. పొగ ఆగింది, పురుగులొచ్చేశాయి. ఇదుగో, ఫ్యాను ఇటే తిరుగుతాది సూడండి...”

సత్యానందం చెయ్యెత్తి ఆపాడు. “పోపు మా శాఖ పరిధిలోకి రాదమ్మా. అది ఆహారం. మాది పురుగు. శాఖల మధ్య గొడవలు పెట్టకండి.”

వారం తిరక్కుండా ధ్రువీకరణ పత్రం వచ్చింది, ఫ్రేము కట్టించి మరీ. ‘శ్రీమతి మంగతాయారు పెరడు అన్ని విధముల పురుగు పట్టినదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.’ అంత త్వరగా మారిన పెరడు జిల్లాలో మరొకటి లేకపోవడంతో దాన్ని చూడ్డానికి రాజధాని నుంచి డైరెక్టరు గారే వస్తున్నారు. కమిషనరు గారి నివేదికలు చూసి పథకం సర్క్యులరు మీద సంతకం పెట్టింది ఆయనే. సభ బుల్లెబ్బాయి పెరట్లో షామియానా కింద జరుగుతుంది. భోజనంలో గుత్తివంకాయ మంగతాయారు చెయ్యాలి. ఆ పూటకి సీలు తీస్తారు. కూర బాగుంటే మళ్ళీ వెయ్యరు.

“చేత్తానండి. బజార్నించి మంచి కాయలు తెచ్చుకుంటాను” అంది మంగతాయారు.

“వీల్లేదు. ధ్రువీకరించిన పెరటి కాయలే వాడాలి” అన్నాడు సత్యానందం.

“అయితే పుచ్చులు ఏరేసి...”

“అసలే వీల్లేదు. ధ్రువీకరించిన కాయలను ధ్రువీకరించిన స్థితిలోనే వడ్డించాలి. లోపలి పురుగుని వేరు చేస్తే అది నివారణ కిందికి వస్తుంది.”

మంగతాయారు మొహం ఎర్రబడిపోయింది. “పురుగున్న కూర నా చేత్తో జనానికి పెట్టమంటారా? పెట్టనండి! అడుక్కుతింటాను గానీ ఆ పని చెయ్యను!”

“అయితే సీలు శాశ్వతం.”

ఆవిడకి మొగుడి మోకాళ్ళు గుర్తొచ్చాయి, పిల్లల కాలేజీ గుర్తొచ్చింది. చివరికి తలెత్తి, “సరేనండి. కానీ ఒక్క షరతు. ముందు అధికార్లు తినాలి. తవరందరూ తిని, బాగుందని చెప్పాకే ఊళ్ళోవాళ్ళకి పెడతాను. అంతవరకు చిన్న ముక్క కూడా బయటికి ఎల్లదు” అంది.

“ప్రోటోకాల్ తెలిసిన మనిషి!” అని సత్యానందం మెచ్చుకున్నాడు.

సభ రోజు తోటలో కాయలు కోయించి, సీలు తీశారు. నూనె కాగుతుండగా మంగతాయారు ఆఖరి సారి కిటికీలోంచి పిలిచి అడిగింది. “సత్యానందంగారూ, పోపెడితే తోటలో పురుగులన్నీ పోతాయండి. ముందే చెప్తన్నాను. పెట్టమంటారా, మానేమంటారా?”

అటుగా వచ్చిన కమిషనరు గారే జవాబు చెప్పారు. “పోపు లేని గుత్తివంకాయా? డైరెక్టరు గారికా? ఏమిటమ్మా మీరు!”

ఆయన అనుమతి ఇచ్చాక ఆవిడ చెయ్యి వెనకాడలేదు. ఇన్ని రోజుల ఉక్రోషమంతా కలిపి రెట్టింపు మిరపకాయలు వేసింది. పొగ ఫ్యానులోంచి దూకింది. పెరట్లో ఉన్న పురుగులన్నీ ఒక్కసారి లేచి గోడ దాటి షామియానాలోకి వెళ్ళి, పూలదండల మీద, శాలువా కప్పుకున్న బుల్లెబ్బాయి మీద, స్వాగతం పలుకుతున్న మహిళాసంఘం వారి మీద సర్దుకున్నాయి. డైరెక్టరు గారు కళ్ళు తుడుచుకుంటూ, తుమ్ముతూ మంగతాయారు పెరట్లో నాలుగు వరసలూ తిరిగారు. ఆకుల మీద పురుగన్నది లేదు.

“ఏమయ్యా ఉదయభాస్కర్, ఏవీ?” అన్నారు.

“ఉదయం ఉన్నాయి సార్” అన్నారు కమిషనరు గారు. ఆయన చొక్కా వీపంతా తడిసిపోయింది.

“పురుగు లేని చోట విషం ఉన్నట్లేనని నాకు నివేదిక పంపింది నువ్వే కదా? విషం ఉన్న పెరటికి ధ్రువపత్రం ఇచ్చింది కూడా నువ్వే కదా? భోజనాలయ్యాక మాట్లాడదాం.”

కమిషనరు గారు విస్తరి ముందు కూర్చుని అన్నం కెలుకుతున్నారు. సత్యానందం మటుకు గరిటె తీసుకుని, ఏరి ఏరి అన్నిటికంటే ఎక్కువ కన్నాలున్న కాయని డైరెక్టరు గారి విస్తట్లో వేశాడు. మంగతాయారు తలుపు పక్కన నిలబడి, దేవుడా, ఇంతకాలం కాపాడుకున్న పేరు ఇవ్వాళ్టితో పోతోందే అని కళ్ళు మూసుకుంది.

డైరెక్టరు గారు కాయ సగం కొరికారు. కళ్ళు అరమూసి, రుచికి తల ఊపారు. తర్వాత చేతిలో మిగిలిన సగం వైపు చూశారు. అందులో సగం పురుగు ఉంది.

నమలడం ఆగిపోయింది. సరిగ్గా ఆ క్షణంలో కమిషనరు గారు విస్తరి ముందు నుంచి లేచి, ఎంగిలి చెయ్యి గాల్లో ఊపుతూ ఆనందభాష్పాలతో అరిచారు. “ఉంది సార్! ఉంది! నేను చెప్పలేదా, పురుగుంది సార్!”

ఫోటోగ్రాఫర్లు కెమెరాలు ఎత్తారు. డైరెక్టరు గారి తల వెనకాల గుడ్డ మీద ఆయన బొమ్మా, కింద ‘పురుగును ప్రేమిద్దాం’ అన్న ఆయన మాటా ఉన్నాయి. బుగ్గ ఉబ్బి ఉంది. ఆయన కక్కలేక, మింగలేక కాసేపు అందరి వంకా చూశారు. చివరికి కళ్ళు గట్టిగా మూసుకుని మింగారు. అందరూ చప్పట్లు కొట్టారు.

మంగతాయారు గరిటెతో ఆయన ముందుకి వచ్చి నిలబడింది. “ఎలా ఉందండీ?”

“స... సహజంగా ఉందమ్మా.”

“అయితే ఊళ్ళోవాళ్ళకి పెట్టమంటారా?”

“వద్దు!” అన్నారు డైరెక్టరు గారు, సభ ఉలిక్కిపడేలా.

“పోనీ తవరికింకోటెయ్యమంటారా?”

ఆయన జవాబు చెప్పకుండానే కారెక్కారు. కారు ఊరి పొలిమేర దాటకముందే రాజధానికి ఫోను వెళ్ళింది. మర్నాడే సవరణ సర్క్యులరు వచ్చింది. పథకం తప్పని ఒప్పుకుంటే ప్రభుత్వం ప్రభుత్వమెలా అవుతుంది? తప్పు పురుగులదని తేలింది. ‘పురుగులు ఇకమీదట ఆకుల మీద మాత్రమే సంచరించవలెను. కాయల లోనికి ప్రవేశించరాదు. భోజనశాలలకు కాయలు సరఫరా చేయు పెరళ్ళలోనికి బొత్తిగా ప్రవేశించరాదు. ఉల్లంఘించు పురుగులపై తగు చర్య తీసుకొనబడును.’

సత్యానందం ఆ సర్క్యులరు ప్రతుల్ని అట్టల మీద అంటించి, మంగతాయారు పెరట్లో ప్రతి వంగమొక్క దగ్గరా కర్రపుల్లతో పాతాడు, పురుగుల చూపుకి ఆనేంత ఎత్తులో. కర్రీ పాయింటు మళ్ళీ తెరుచుకుంది. మంగతాయారు పుచ్చిన కాయలన్నీ కోసి గోతిలో పాతిపెట్టి, కొమ్మలు కత్తిరించి, పొద్దున్నే పోపు మొదలెట్టింది. కొత్త పూత వచ్చింది, కాయ నిగనిగలాడింది. బ్యాంకు కుర్రాళ్ళు క్యారేజీలతో వరస కట్టారు. గోడ అవతల బుల్లెబ్బాయి ఇప్పుడు శాలువా నెత్తి మీద నుంచి కప్పుకుని తిరుగుతున్నాడు, ఇరుగుపొరుగు పురుగులన్నీ అతని దగ్గరే ఉండడంతో.

ఒకనాటి ఉదయం సత్యానందం తనిఖీకి వచ్చాడు. వరసలన్నీ తిరిగాడు, ఆకుల పైనా కిందా చూశాడు. ఒక్క పురుగూ లేదు. అతని ఛాతీ ఉబ్బింది. అక్కడే నిలబడి నివేదిక రాసుకున్నాడు. ‘సదరు పెరటియందలి పురుగులన్నియు ప్రభుత్వ ఆదేశములను చదివి, అర్థము చేసుకొని, తు.చ. తప్పక పాటించుచున్నవి.’

రాసి సంతకం పెట్టబోతుండగా కిటికీలోంచి ఘాటు వచ్చింది. గట్టిగా తుమ్మాడు. ముక్కు తుడుచుకుంటూ, “ఏమిటమ్మా అది?” అని అడిగాడు.

“పోపండి. తవరి పరిధిలోకి రాదు” అంది మంగతాయారు, బాండీలో గరిటె తిప్పుతూ.